జున్ను: పల్నాడు పాడి ఇళ్లలో ఆవిరిమీద వండే పాల తీపి

జున్ను అంటే ఈనిన గేదె లేదా ఆవు తొలి పూటల్లో ఇచ్చే చిక్కటి పాలలో బెల్లమో పంచదారో కలిపి, మిరియాలు, యాలకులు వేసి, ఆవిరిమీద గట్టిపరచిన తీపి వంటకం. ఇది గట్టిపడటానికి పెరుగు తోడు, నిమ్మరసం, కోడిగుడ్డు, చైనాగ్రాస్ ఏవీ అక్కర్లేదు. వేడి తగలగానే పాలు తమంత తామే గడ్డకడతాయి. తెలుగునాట పాడి ఉన్న చోటల్లా జున్ను ఉంది. నరసరావుపేట, మాచర్ల, గురజాల చుట్టుపక్కల ఊళ్లలో గేదెల పెంపకం విస్తారంగా ఉండటంవల్ల పల్నాడు ఇళ్లలో ఇది బాగా తెలిసిన వంట. కావలసినప్పుడు వండుకునే వీలు మాత్రం లేదు. ఇంట్లోనో ఇరుగుపొరుగునో గేదె ఈనాలి. అది ఈనిన తర్వాత ఎన్నో పూట పితికిన పాలన్న దాన్నిబట్టే ఈ వంటలోని కొలతలన్నీ మారతాయి.

పేర్లు

ఈ పాలను తెలుగులో జున్నుపాలు అనీ ముర్రుపాలు అనీ అంటారు. వంట విషయంలో మొదటి మాట ఎక్కువగా వినిపిస్తుంది. బాలింత తొలిపాల గురించిన ఆరోగ్య ప్రచారంలోనూ, దూడల పెంపకం పుస్తకాల్లోనూ రెండో మాట వాడతారు. వంటకాన్నీ, దానికి వాడే పాలనూ కలిపి జున్ను అనడమూ ఉంది. కన్నడంలో గిణ్ణు, తమిళంలో సీంపాల్, మరాఠీలో ఖర్వస్, హిందీలో ఖీస్, సంస్కృతంలో పీయూషం అన్న పేర్లు ఈ పాలకో, ఈ పాల వంటకానికో ఉన్నాయి. తెలుగు పుస్తకాల్లో పాశ్చాత్యుల చీజ్‌ను కూడా జున్ను అని రాస్తారు. రెండూ వేరు. చీజ్‌కు మామూలు పాలను విరగగొట్టి, నీరు వడగట్టి, గడ్డను నిలవ చేస్తారు. జున్నులో నీరు తీసేయరు, పాలన్నీ గడ్డలోనే ఉంటాయి, నిలవ చేయరు.

పల్నాడులో పాడి

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న పూర్వపు గుంటూరు జిల్లా నుంచి ఏర్పడింది. నరసరావుపేట జిల్లా కేంద్రం. పశుపోషణ ఈ నేలకు కొత్త కాదు. నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ స్థలపురాణంలో ప్రధాన భక్తురాలు ఆనందవల్లి అనే గొల్లభామ. కొండమీద ఆమె పేర గుడి ఉంది. ఒంగోలు జాతి పశువులకు పుట్టినిల్లయిన గుంటూరు, ప్రకాశం, నెల్లూరు ప్రాంతంలో పల్నాడు ఒక భాగం. ఆ జాతి అభివృద్ధికి పనిచేసే పశు పరిశోధన స్థానం గుంటూరు దగ్గర లాంలో ఉంది.

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. అప్పటిదాకా జొన్నచొప్పమీద ఆధారపడ్డ మెట్ట ఊళ్లలో కుడికాలువ కింద వరి పెరిగి, వరిగడ్డి వాములు వచ్చాయి. ఎద్దుల సేద్యం తగ్గి ట్రాక్టర్లు పెరిగాక ఇళ్లముందు ఆవులు తగ్గాయి. వెన్న ఎక్కువగా ఉండే పాలకోసం పెంచే ముర్రా సంకర గేదెలు ఆ చోటు తీసుకున్నాయి. అందుకే ఇప్పుడు పల్నాడులో జున్ను అంటే చాలావరకు గేదె జున్నే.

జున్నుకు ఒక కాలం కూడా ఉంది. గేదె పగటి నిడివి తగ్గే రోజుల్లో ఎక్కువగా ఎదకు వస్తుంది. చూడికాలం పది నెలలకు పైగా, సుమారు 310 రోజులు. అందువల్ల వానలు ముదిరిన దగ్గర నుంచి చలికాలం మొదలయ్యేదాకా ఈతలు ఎక్కువ. రెంటచింతల లాంటి చోట్ల రాష్ట్రంలోనే అత్యధికమని చెప్పదగ్గ ఎండలు కాసే వేసవిలో గేదెలు సరిగ్గా ఎదకు రావు, వచ్చినా బయటపడదు. ఆవు చూడికాలం సుమారు 280 రోజులు. ఆవులకు ఇంత కచ్చితమైన కాలం లేదు.

జున్నుపాల స్వభావం

దూడ తల్లికడుపులో ఉన్నప్పుడు రోగనిరోధక శక్తినిచ్చే ప్రతిరక్షకాలు మాయను దాటి దానికి అందవు. పశువుల మాయ నిర్మాణం అలాంటిది. ఆ లోటు తీర్చేది జున్నుపాలే. విదేశీ పాడి ఆవులమీద జరిగిన విశ్లేషణల ప్రకారం మొదటి పూట పాలలో ఘనపదార్థాలు సుమారు 24 శాతం, మాంసకృత్తులు 14 శాతం. ఆ 14 వంతుల్లో సుమారు 6 వంతులు ప్రతిరక్షకాలు. రెండో పూటకు మాంసకృత్తులు సుమారు 8.4 శాతానికి, మూడో పూటకు 5.1 శాతానికి దిగుతాయి. మామూలు ఆవుపాలలో అవి 3 శాతం పైచిలుకు మాత్రమే. గేదెలకు అంకెలు కొంత మారినా పూటపూటకూ పలచబడే తీరు ఒకటే.

పాలు గడ్డకట్టడానికి కారణం ఈ మాంసకృత్తులే. మామూలు పాలలో కేసీన్ ఎక్కువ. అది ఎంత కాచినా గడ్డకట్టదు. జున్నుపాలలో ప్రతిరక్షకాలు, లాక్టోగ్లోబ్యులిన్ లాంటి నీటిభాగపు మాంసకృత్తులు ఎక్కువ. 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య ఇవి విచ్చుకుని ఒకదానికొకటి అల్లుకుంటాయి. ఆ అల్లికలో నీరు, వెన్న, కేసీన్ చిక్కుకుని మొత్తం గట్టిపడుతుంది.

రుచి తేడాకూ కారణం ఉంది. మొదటి పూట పాలలో పాలచక్కెర సుమారు 2.7 శాతమే, మామూలు పాలలో 5 శాతం దాకా ఉంటుంది. పైగా ఉప్పు లవణాలు ఎక్కువ. అందుకే జున్నుపాలు ఉత్తగా తాగితే తియ్యగా ఉండవు, కొంచెం ఉప్పదనం తగులుతుంది. వంటలో తీపి దండిగా పడేది ఇందుకే. ఆవు జున్నుపాలు పసుపురంగులో ఉంటాయి, గేదెవి తెల్లగా ఉంటాయి. మేతలోని కెరోటిన్‌ను ఆవు పాలలోకి వదులుతుంది. గేదె దాన్ని ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది.

దూడ వాటా

ప్రతిరక్షకాలను యథాతథంగా రక్తంలోకి తీసుకునే శక్తి దూడ పేగులకు పుట్టిన 24 గంటల దాకానే ఉంటుంది, అది కూడా గంటగంటకూ తగ్గిపోతుంది. అందుకే పుట్టిన గంట, రెండు గంటల్లోపు తొలివిడత తాగించి, మొదటి రోజు మొత్తంమీద దూడ బరువులో పదోవంతు పాలు అందేలా చూడాలని పశువైద్యులు చెబుతారు. 30 కిలోల గేదెదూడకు అది మూడు లీటర్లు.

మాయ పడేదాకా పొదుగు ముట్టుకోకూడదు, దూడను చేపుకు వదలకూడదు అన్న నమ్మకం పల్లెల్లో ఉంది. ఇది దూడకు చేటు. దూడ కుడిచినప్పుడు తల్లి ఒంట్లో ఊరే ఆక్సిటోసిన్ పాలు చేపడానికే కాక గర్భసంచి ముడుచుకుని మాయ పడటానికీ సాయపడుతుంది. దూడ తాగగా మిగిలినవే వంటింటికి రావాలి. పాడిగేదెకు సాధారణంగా దూడ అవసరానికి మించి పాలుంటాయి కాబట్టి ఈ నియమం పాటించినా జున్నుకు లోటు రాదు.

పాల పాళ్లు

జున్ను కుదరడం, కుదరకపోవడం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. మొదటి పూట పాలను ఉన్నవి ఉన్నట్టు ఉడికిస్తే రబ్బరులా సాగే గట్టి ముద్ద అవుతుంది. వాటికి మామూలు పాలు చేర్చాలి. ఇళ్లలో వాడుకలో ఉన్న పాళ్లు సుమారుగా ఇవి:

మొదటి పూట పాలు ఒక వంతుకు మామూలు పాలు రెండు నుంచి మూడు వంతులు.
రెండో పూట పాలు ఒక వంతుకు మామూలు పాలు అర నుంచి ఒక వంతు.
మూడో పూట పాలకు ఏమీ కలపరు. జున్ను మెత్తగా వస్తుంది.
ఆ తర్వాతి పాలు ఒంటరిగా గట్టిపడటం కష్టం. మొదటి పూట పాలు దాచి ఉంటే వాటితో కలిపి వండుకోవచ్చు.

పైన ఇచ్చిన అంకెలతో లెక్క కడితే ఈ పాళ్లలోని మర్మం తెలుస్తుంది. 14 శాతం మాంసకృత్తులున్న లీటరు పాలకు 3.1 శాతం ఉన్న రెండు లీటర్లు కలిపితే మిశ్రమంలో 6.7 శాతం ఉంటాయి. 8.4 శాతం ఉన్న లీటరు పాలకు అరలీటరు కలిపితే 6.6 శాతం. అంటే పూటను బట్టి కలిపే పాలు మారినా చివరికి చేరే చిక్కదనం దాదాపు ఒకటే. అంకెలు తెలియని వంటగత్తెలు చేతి అనుభవంతో పట్టుకున్న కొలత ఇది.

పూట తెలియని పాలు వస్తే చిన్న పరీక్ష చేస్తారు. రెండు చెంచాల పాలు గిన్నెలో పోసి ఆవిరికి పెడితే కొద్ది నిమిషాల్లో విషయం తేలుతుంది. గట్టి ముద్ద అయితే ఇంకా పాలు కలపవచ్చు. వణికే గడ్డ అయితే పాళ్లు సరిపోయాయి. పలచగానే ఉంటే ఇక కలపకూడదు. కలిపే పాలు పచ్చివైతే అప్పుడే పితికినవి కావాలి, కాచినవైతే పూర్తిగా చల్లారాలి. వేడిపాలు పోస్తే గిన్నెలోనే తరకలు కడతాయి.

తయారీ

లీటరు మిశ్రమానికి 200 నుంచి 250 గ్రాముల బెల్లం, ఒక చెంచా మిరియాల పొడి, ఆరేడు యాలకులు సరిపోతాయి. కొందరు చిటికెడు శొంఠిపొడి వేస్తారు. బెల్లాన్ని మెత్తగా దంచి చల్లటి పాలలోనే కరిగించి, పలుచటి గుడ్డలో వడగట్టాలి. బెల్లంలోని ఇసుక, చెరకుపీచు అప్పుడే పోతాయి. మరిగే మామూలు పాలలో బెల్లం వేస్తే విరుగుతాయని భయపడతారు. ఇక్కడ పాలు గడ్డకట్టడమే కావాలి కాబట్టి ఆ భయం లేదు. మిరియాల పొడి మరీ మెత్తగా ఉండకూడదు, బరకగా ఉంటేనే పంటికింద తగులుతుంది. వడగట్టాకే పొళ్లు కలపాలి.

ఈ పాలను అంచులున్న స్టీలు గిన్నెలోనో టిఫిన్ డబ్బాలోనో ముప్పావు భాగానికి మించకుండా పోస్తారు. పెద్ద గిన్నెలో రెండు వేళ్ల ఎత్తున నీళ్లు పోసి, అడుగున చిన్న కుదురో బిళ్లో పెట్టి, నీళ్లు మరగడం మొదలయ్యాక పాలగిన్నె దించుతారు. ఇడ్లీ పాత్రలోనూ వండవచ్చు. కుక్కర్ వాడేవాళ్లు వెయిట్ పెట్టరు. పాలగిన్నెమీద మూత తప్పనిసరి, లేకపోతే పైమూతనుంచి ఆవిరిచుక్కలు పడి జున్నుపై గుంటలు పడతాయి. మూతకింద గుడ్డ కట్టడమూ ఉంది.

మొదట మంట ఓ మోస్తరుగా ఉంచి, తర్వాత తగ్గించాలి. అరలీటరు గిన్నెకు 25 నుంచి 30 నిమిషాలు, లీటరు గిన్నెకు 40 నిమిషాల దాకా పడుతుంది. నడిమధ్యలో చాకు గుచ్చితే తడిపాలు అంటకుండా రావాలి. దించాక పూర్తిగా చల్లారేదాకా కదపకూడదు. వేడిమీద కోస్తే నీరు వదిలి ముక్క చితుకుతుంది. చల్లారాక అంచులవెంట చాకు తిప్పి, పళ్లెంలోకి బోర్లించి ముక్కలు కోస్తారు.

పంచదారతో చేస్తే జున్ను తెల్లగా వచ్చి పాలరుచి నిలుస్తుంది. బెల్లంతో చేస్తే లేత గోధుమరంగు, చెరకు వాసన వస్తాయి. పల్నాడు పల్లెల్లో బెల్లం జున్నుకే మొగ్గు ఎక్కువ. రెండూ సగం సగం వేసేవాళ్లూ ఉన్నారు.

లోపాలు, కారణాలు

జున్ను నిండా కన్నాలు పడి, నీరు ఊరితే మంట ఎక్కువైందని అర్థం. గిన్నెలో పాలు 100 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంటే అల్లిక బిగిసిపోయి నీటిని బయటకు తోస్తుంది. ముక్క నమలడానికి గట్టిగా ఉంటే మామూలు పాలు తక్కువ పడ్డాయి. గంటైనా వణుకుతూనే ఉంటే ఎక్కువ పడ్డాయి, లేదా అవి జున్నుపాలే అయినా నాలుగైదు పూటలు దాటినవి. అడుగున బెల్లం పేరుకుని పైన చప్పగా ఉంటే బెల్లం సరిగా కరగలేదు. పలచగా మిగిలినదాన్ని పారేయనక్కర్లేదు. పొయ్యిమీద కాస్తే కోవాలాంటి ముద్ద అవుతుంది.

పొయ్యిమీది జున్ను

ఆవిరి జున్నుకంటే సులువైనది నేరుగా కాచేది. పాలను దళసరి గిన్నెలో పోసి సన్నని మంటమీద కలుపుతూ ఉంటే తరకలుగా విరుగుతాయి. బెల్లం వేసి నీరు ఇగిరేదాకా ఉంచితే పొడిపొడిగా, పాలకోవా తరహాలో ఉండే జున్ను వస్తుంది. దీనికి పాళ్ల పట్టింపు తక్కువ. ముక్క కోయడానికి రాదు, చెంచాతో తినాలి. పిడకల దాలిమీద పాలు కాచుకునే రోజుల్లో ఇళ్లలో ఇదీ వాడుకలో ఉండేది. ఆవిరిపాత్రలు ఇంటింటా వచ్చాక ముక్కల జున్ను ముందుకొచ్చింది.

ఆచారాలు, శాస్త్రాలు

ఆహార భద్రత, ప్రమాణాల నిబంధనలు (2011) ఇచ్చిన నిర్వచనం ప్రకారం పాలలో జున్నుపాలు కలవకూడదు. అవి కలిసిన పాలు కాచగానే విరుగుతాయి. డబ్బాలో ఒక్క రైతు పోసినా అందరి పాలూ చెడతాయి. కాబట్టి తొలి రోజుల పాలను పాలకేంద్రానికి పోయరు. అవి ఇంట్లో మిగిలి, ఇరుగుపొరుగుకూ చుట్టాలకూ పంచుకునే సొమ్ము అయ్యాయి. కోస్తా జిల్లాల్లో జున్నుపాలు అమ్ముకోవడం తప్పుగా చూసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పాలు తెచ్చిన గిన్నెను ఉత్తగా తిప్పి పంపకుండా కాసిన్ని బియ్యమో బెల్లపుముక్కో వేసి ఇవ్వడం మర్యాద.

శాస్త్రాలు మాత్రం దీన్ని ఒకే కంటితో చూడలేదు. మనుస్మృతి ఆవు తొలిపాలను విడిచిపెట్టమంది, ఈని పది రోజులు గడవని ఆవుపాలను నిషేధించింది. ఆచారం గట్టిగా పాటించే కొన్ని ఇళ్లలో జున్ను ముట్టకపోవడానికి మూలం ఇదే. ఆయుర్వేద గ్రంథం భావప్రకాశం పీయూషాన్ని బలమిచ్చేదిగా, అరగడానికి బరువైనదిగా, కఫం పెంచేదిగా లెక్కించింది. జున్నులో మిరియాలు వేయడం, కొందరు శొంఠి చేర్చడం ఈ రెండో ఆలోచనతో సరిపోతుంది.

బజారులో జున్ను

పట్టణాల్లో తోపుడుబండ్లమీదా, మిఠాయి దుకాణాల్లోనూ జున్ను అమ్ముతారు. ఈతలు తగ్గిన కాలంలోనూ దొరికే జున్నంతా జున్నుపాలదే కానక్కర్లేదు. పాలు, పాలపొడి, తియ్యటి చిక్కపాలు, పెరుగు కలిపి ఆవిరిమీద ఉడికిస్తే జున్నును పోలినది తయారవుతుంది. కొందరు చైనాగ్రాస్ వేస్తారు, కొందరు కోడిగుడ్డు గిలకొట్టి కలుపుతారు. పెరుగు వేసినదానికి కాస్త పులుపు, చైనాగ్రాస్ వేసినదానికి పుటుక్కున విరిగే గుణం, గుడ్డు వేసినదానికి నీచువాసన ఉంటాయి. అసలు జున్ను నోట్లో మెత్తగా, కొంచెం ఇసకరేణువుల్లా విడిపోతుంది. ఎండబెట్టిన జున్నుపాల పొడి కూడా మార్కెట్లో ఉంది. దాన్ని మామూలు పాలలో కలిపి వండుకుంటారు.

ఇతర ప్రాంతాల్లో

మహారాష్ట్రలో ఖర్వస్‌కు బెల్లం, యాలకులతోపాటు జాజికాయో కుంకుమపువ్వో వేస్తారు. ముంబయి, పుణె దుకాణాల్లో అది ఏడాది పొడవునా దొరికే సరుకు. బెంగాల్‌లో భాపా దొయ్ అనే ఆవిరి తీపి ఉంది గాని దానికి వాడేది చిక్కబరచిన పాలు, పెరుగు. ఐస్‌లాండ్‌లో ఆబ్రిస్తిర్ అనే వంటకం మన జున్నుకు చాలా దగ్గర. తొలిపాలను వేడినీళ్ల మధ్య గిన్నెలో గట్టిపరచి దాల్చినచెక్క పొడి, పంచదార చల్లుకుని తింటారు. ఫిన్లాండ్‌లో ఊనియూస్తో, స్వీడన్‌లో కాల్వ్‌దాన్స్ అనేవి ఇవే పాలను పొయ్యిగూటిలో కాల్చి చేసేవి. మిరియం ఘాటు మన వైపు జున్నుకు గుర్తు.

పోషకాలు, జాగ్రత్తలు

జున్నులో మాంసకృత్తులు, కాల్షియం, ఎ విటమిన్ దండిగా ఉంటాయి. ప్రతిరక్షకాలు మనిషికి రోగనిరోధక శక్తినిస్తాయన్న ప్రచారాన్ని మాత్రం ఆవిరి జున్నుకు వర్తింపజేయలేం. అవి వేడికి రూపం మార్చుకోబట్టే జున్ను గట్టిపడింది. పాలు పడనివాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు మితం పాటించాలి. జున్నుపాలు పచ్చిగా తాగకూడదు. బ్రూసెల్లోసిస్, క్షయ లాంటి జబ్బులు పచ్చిపాల ద్వారా సోకుతాయి. గిన్నె నడిభాగం దాకా పూర్తిగా ఉడకడం అందుకూ అవసరం. పొదుగువాపు ఉన్న పశువు పాలూ, వట్టిపోయిన రోజుల్లో పొదుగులోకి మందులు ఎక్కించిన పశువు పాలూ పశువైద్యుడు సరేననేదాకా వాడకూడదు.

వండిన జున్ను బయట ఒక పూట, ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నిలుస్తుంది. పచ్చి జున్నుపాలు ఫ్రిజ్‌లోనైనా ఒకటి రెండు రోజులకు మించి ఆగవు. డీప్‌ఫ్రీజర్‌లో పెడితే నెలలపాటు ఉంటాయి గానీ కరిగించేటప్పుడు నేరుగా మంటమీద పెట్టకూడదు.

ఎవరైనా జున్నుపాలు పంపితే వండేవాళ్లు అడగవలసినవి మూడు: ఎన్నో పూట పాలు, దూడ కడుపునిండా తాగిందా, పశువుకు మందులేమైనా వాడారా. మొదటి జవాబు మామూలు పాలు ఎన్ని కలపాలో చెబుతుంది. మిగిలిన రెండూ ఆ పాలు వండవచ్చునో లేదో చెబుతాయి.